బాకీ పుస్తకంలో ఎర్ర ముక్కు

ఆగస్టు నెల. ఖైతాన్‌లో రాత్రి పదకొండుకు కూడా
గోడలు రొట్టెల పెనంలా కాగుతుంటాయి.
ఆ వారమే మొదలైంది.
వెనక బిల్డింగులో లిఫ్టు తలుపు తెరుచుకుంటే
లోపల జోకరంట.
తెల్ల మొగం, ఎర్ర ముక్కు.
ఏ అంతస్తుకని అడిగితే
నవ్వినాడంట. అంతే.

మర్నాటికి వాని చేతిలో కత్తి మొలిచింది.
శుక్రవారానికి ఏడడుగులు పెరిగినాడు.
ఫోన్లో వీడియో తిరిగింది:
చీకటి, ఎవరిదో చెప్పుల చప్పుడు, చివర్లో పిల్లి.
అయినా అందరికీ అందులో వాడే కనబడినాడు.
నాకూ కనబడినాడు. అబద్ధమెందుకు?

మా పక్క వేషగాడు పగలొస్తాడు,
చేటెడు బియ్యం పోస్తే పోతాడు.
ఈ వేషగాడు రాత్రొస్తాడు.
ఏం పోస్తే పోతాడో ఎవరికీ తెలీదు.

మా బకాలాకు మాత్రం గిరాకీ.
ఒక్కరూ కిందికి దిగరు.
పాలు, కుబూసు, సిగరెట్లు, నీళ్ళ క్యాన్లు
అన్నీ నేనే మోయాల.
తలుపు కొడితే గొలుసు సందులోంచి
"ఎవరు?"
"బకాలా."
"పేరు?"
"పెంచలయ్య."
"వెలుతుర్లోకి రా. మొగం చూపించు."
ఎనిమిదేండ్లుగా అదే తలుపు కొడుతున్నా.
మొగం చూపించమన్నది మొదటిసారి.

చెత్త ఊడ్చే రఫీకుల్
ఎండకు ఎర్ర టోపీ పెట్టుకున్నందుకు
పార్కింగులో తన్నులు తిన్నాడు.
తన్నినోళ్ళు కూడా వణుకుతానే తన్నినారంట.

ఆ రాత్రి షట్టర్ సగం దించినా.
కింది సందులో రెండు బూట్లు.
పసుప్పచ్చవి, పడవలంత.
"ఓ యమ్మా!" అన్నా, గుడ్ల అట్ట జారింది.
బయట్నుంచి గొంతు:
"అన్నా, తెలుగా? బేబీ ఆయిల్ ఉందా?"

వంగి లోపలికొచ్చినాడు.
ఏడడుగులేం కాదు,
పక్కన నిలబెట్టిన బియ్యం మూటలే
వానికన్నా జానెడు ఎక్కువ.
ఓబులేసంట. పుల్లంపేట దగ్గర.
పుట్టినరోజుల కంపెనీలో పని.
సాల్మియాలో ఎవరి బిడ్డకో ఐదు నిండితే
మూడు గంటలు గంతులేసినాడు.
వ్యాను డ్రైవరు ఎక్కించుకోలేదు.
వానికీ ఆ వీడియో వచ్చింది మరి.
అంత దూరం నడిచినాడు,
రంగు కారి కండ్లలో మంట.

"లిఫ్టులో నువ్వేనా?"
"నేనే. ఆయమ్మ అరబ్బీలో ఏందో అడిగింది.
తెలీకపోతే నవ్వు అని
ఏజెంటు చెప్పి పంపె కదన్నా."

టిష్యూ రోలు సగమైంది.
గడ్డం తేలింది, మీసం తేలింది,
చెవుల ఎనక తెల్లసున్నం మాత్రం పోలేదు.
బూట్లు బిస్కెట్ల డబ్బాలో తోసినాం.
ఇంతలో పోలీసు జీపు.
"జోకర్ని చూసినారా?"
నేను నోరు తెరిచేలోపే
ఓబులేసు చెయ్యి చాపినాడు:
"చూసినా సార్! ఈ ఎత్తు! ఏడడుగులు!
అటు, ఆ సందులోకి ఉరికినాడు!"

జీపు అటే పోయింది.
వాడు నవ్వలేదు. నేనూ నవ్వలేదు.
నాకు నవ్వొచ్చింది నాలుగోనాడు,
పాల డబ్బాలు లెక్కబెడుతుంటే,
ఒక్కన్నే.

తర్వాత పుట్టినరోజులకు ఎవరూ పిలవలేదు.
కంపెనీ జీతం ఆపింది.
కొన్నాళ్ళు నా దగ్గరే అప్పు తిన్నాడు.
ఫహాహీల్లో కార్లు కడిగే పని దొరికి
పోతా పోతా ముక్కు తీసి గల్లాపెట్టె మీద పెట్టినాడు.
"ఉంచుకోన్నా. మళ్ళొచ్చి ఇడిపించుకుంటా."

జోకరిప్పుడు జహ్రాలో తిరుగుతున్నాడంట.
ఎనిమిదడుగులంట.

మొయిదు ఇక్క నెలాఖరుకు లెక్క చూసినాడు.
ఓబులేసు: బేబీ ఆయిల్ ఒకటి, టిష్యూ ఒకటి,
కుబూసు పదకొండు.
"ఇదేంది, పేజీ మధ్యలో?"
"తాకట్టు" అన్నా.

ఒత్తి చూసినాడు. మెత్తగా అణిగి
మళ్ళీ ఉబ్బింది.
ఆ పుస్తకం ఇప్పటికీ సరిగా మూసుకోదు.